మధ్యాహ్నం పడిపోయే బ్రేకర్లు

ఇంట్లో టప్పుమని కరెంటు పోతే జనం ముందుగా తిట్టేది బ్రేకరును. ఆ తిట్లు తినే వస్తువును పరీక్ష చేయడంలోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. అందుకని దాని తరఫున నాలుగు మాటలు చెప్పే హక్కు నాకు ఉందనుకుంటాను.

ఐ.టి.ఐ.లో చదివే పిల్లలు, కొత్తగా పనిలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వచ్చినప్పుడల్లా "గుడియాత్తం సంగతి చెప్పండమ్మా" అంటారు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. రాసి పెడితే చదువుకుంటారు కదా అని కూర్చున్నాను. నేను పుట్టింది గుడియాత్తంలోనే, నేతవాళ్ళ ఇంట్లో. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, బడిలోనూ అరవమే. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది రిటైరైనాక. ఎక్కడైనా దీర్ఘం తప్పిపోతే సర్దుకోండి.

నేను పని చేసింది వేలూరు నుంచి ఆర్కాడు పోయే దోవలో ఉండే ఒక చిన్న ఫ్యాక్టరీలో. అక్కడ ఎం.సి.బి.లు చేసేవాళ్ళం. మీ ఇంటి మీటరు పక్కన పెట్టెలో తెల్లగా, వరసగా, చిన్న చిన్న పిడులతో ఉంటాయే, అవే. భాగాలు బిగించేది పెద్ద హాలులో, పరీక్షించేది పక్క గదిలో. నాది పరీక్ష గది. పెండ్లయి వేలూరు పక్కనే ఉండే సత్తువాచారికి కాపురం వచ్చినాక చేరినాను, జుట్టు నెరిసేదాకా అదే బల్ల ముందర కూర్చున్నాను.

కథ అర్థం కావాలంటే ఆ డబ్బా లోపల ఏముంటుందో కొంచెం తెలియాల. భయపడొద్దండి, కొంచెమే. దాని లోపల ఇద్దరు కావలివాళ్ళు ఉంటారనుకోండి. ఒకడు తొందర మనిషి. వాడు రాగితీగ చుట్ట. ఎక్కడైనా రెండు తీగలు తగులుకొని కరెంటు వరదలాగా పారిందంటే, ఆ చుట్ట అయస్కాంతమై లోపలి గడియను కొట్టి పడేస్తుంది. రెప్ప వేసే లోపల పని అయిపోతుంది. రెండోవాడు నిదానస్తుడు. రెండు రకాల లోహాలను అతికించి చేసిన సన్నటి పట్టీ వాడు. మోయాల్సిన దానికంటే ఎక్కువ కరెంటు చాలాసేపు పారితే ఆ పట్టీ వేడెక్కుతుంది. ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ సాగుతుంది. దాంతో పట్టీ మెల్లగా వంగి, వంగి, కడకు అదే గడియను తోసేస్తుంది.

నా పని ఎక్కువగా ఈ నిదానస్తుడితోనే. ప్రతి బ్రేకరు మీద అది మోసే కరెంటు ఎంతో రాసి ఉంటుంది. దానికంటే రవ్వంత ఎక్కువ పంపితే గంటసేపైనా పడకూడదు. ఇంచుమించు ఒకటిన్నర రెట్లు పంపితే గంట లోపల పడి తీరాల. రెండున్నర రెట్లు పంపితే నిమిషం కూడా ఆగకూడదు. తొందరపడి పడిపోతుంటే పట్టీ దగ్గరుండే బుల్లి మరను వెంట్రుకవాసి ఒక పక్కకు, ఆలస్యం చేస్తుంటే ఇంకో పక్కకు తిప్పుతాము. సరిపోయినాక ఆ మర కదలకుండా ఎర్రరంగు చుక్క ఒకటి పెడతాము. ఎన్ని చుక్కలు పెట్టినానో నాకే తెలియదు.

ఈ పరీక్ష ఇంట్లో చేసేది కాదు. ఇంట్లో మీరు చేయగలిగింది వేరే. పిడి పైకీ కిందికీ గట్టిగా పడుతోందా చూడొచ్చు. పని తెలిసినవాళ్ళ చేత మెయిన్ ఆపించి స్క్రూలు బిగువుగా ఉన్నాయా చూపించొచ్చు. మగ్గమో మోటారో తిరుగుతున్నప్పుడు తీగ చుట్టూ టాంగ్ టెస్టరు తగిలించి ఎంత కరెంటు పారుతోందో కొలిపించొచ్చు. కొన్నిటి మీద నొక్కి చూసే మీట ఒకటి ఉంటుంది. అది ఎం.సి.బి. కాదు, మనిషికి షాకు కొట్టకుండా కాపాడే వేరే బ్రేకరు. ఎం.సి.బి. కాపాడేది తీగలను. రెండూ ఉండాల. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే మిగతాది మరిచిపోయినా నాకు కోపం లేదు.

ఇంక మనుషుల దగ్గరికి వస్తాను.

మా పరీక్ష గదికి సూపర్‌వైజరు ఒకాయన ఉండేవాడు. నాట్రంపల్లి పక్క తెలుగు క్రైస్తవుల ఇంటి బిడ్డ. డిప్లొమా చదివినాడు. మాట తక్కువ, తీపి ఎక్కువ. ఏ మంచి జరిగినా ఆర్కాడుకు మనిషిని పంపి మక్కన్ పేడాలు తెప్పించి గదిలో అందరికీ పంచేవాడు. మేమందరం ఆయనను సార్ అనేవాళ్ళం. నేను తప్పు చేస్తే కేకలేసేవాడు కాదు. "ఏమ్మా, ఇంకొకసారి చూస్తామా?" అనేవాడు. ఆ మాట కేకకంటే ఎక్కువ పని చేసేది.

ఇంకొకాయన మా మేనమామ, మా అమ్మకు తమ్ముడు. గుడియాత్తంలో లుంగీలు నేసే మరమగ్గాల షెడ్డు ఆయనది. మా అత్త నూలు చుట్టడం, బట్ట మడతపెట్టడం చూసుకునేది. వాళ్ళ షెడ్డులో పాతకాలం ఫ్యూజులు ఉండేవి. ఫ్యూజు పోయినప్పుడల్లా మామ చేతికి దొరికిన తీగ కట్టేసేవాడు. ఒకసారి చూస్తే సైకిలు బ్రేకుతీగ కట్టి ఉంది.  ఊరికే ఉండలేక వెంటపడి, బతిమాలి, ఫ్యూజులన్నీ తీసేయించి మా ఫ్యాక్టరీ బ్రేకర్లు పెట్టించినాను. ఒక్కో వరస మగ్గాలకు ఒక్కో బ్రేకరు. మామను చూసి పక్కింటాయన పెట్టించినాడు, ఆయనను చూసి ఎదురింటాయన. "మన పిల్ల పని చేసే చోటివి" అని వీధంతా ఒక నమ్మకం. నాకూ ఒక చిన్న గర్వం.

చలికాలం బాగా గడిచింది. ఎండలు ముదరగానే మామ ఫోను చేసినాడు.

"పాపా, మీ బ్రేకరు పడిపోతా ఉండాది."

"ఎప్పుడు మామా?"

"మధ్యాహ్నం. అన్నం తినేసి మగ్గం కాడికొస్తే కొంజం సేపటికి టప్పుమంటాది. మళ్ళా ఎత్తితే ఎక్కదు. ఒక గడియ పోయినాక ఎక్కుతాది. మళ్ళా పడతాది."

"పొద్దున?"

"పొద్దున బంగారం."

సెలవు రోజు పొద్దున్నే బస్సెక్కి పోయినాను. మగ్గాలన్నీ హాయిగా తిరుగుతున్నాయి. బ్రేకర్లు కదల్లేదు. మామ నన్ను బోర్డు దగ్గరికి తీసుకుపోయి, "నేను కూడా టెస్టు చేసినాను పాపా" అన్నాడు, పరీక్ష పాసైన పిల్లోడి మాదిరి.

"ఏం టెస్టు?"

"రెండు తీగల కొనలు తాకించి స్విచ్చి వేసినా. నిప్పు రవ్వ ఇట్ల లేసింది. బ్రేకరు ఠక్కున పడిపోయింది. మంచి సరుకే అది. మరి మధ్యాహ్నం దానికేం పోయేకాలం?"

 "మామా, ఇంకోసారి ఆ పని చేసినావంటే నేను ఈ గడప తొక్కను. కండ్లు పోతాయి, చేతులు కాలతాయి" అని చెప్పి, ఆయన పరీక్షించింది తొందర మనిషిని అనీ, మధ్యాహ్నం పడేది నిదానస్తుడి వల్ల అనీ వివరం చెప్పినాను. విన్నాడు గానీ ముఖం చూస్తే నమ్మినట్టు లేదు.

పడిపోయే బ్రేకర్లను ఊడదీసి, వాటి బదులు కొత్తవి బిగించి, పాతవాటిని ఫ్యాక్టరీకి తెచ్చినాను. సారుకు చెప్పి బల్ల మీద పెట్టినాను. రవ్వంత ఎక్కువ కరెంటు పంపితే గంట దాటినా పడలేదు. ఒకటిన్నర రెట్లకు పడాల్సినట్టే పడినాయి. ఒక్కదాంట్లోనూ లోపం లేదు. ఈలోగా కొత్తవి కూడా అక్కడ మధ్యాహ్నం పడడం మొదలుపెట్టినాయి.

ఫోనులో ఈ సంగతి చెబితే మామ నవ్వలేదు. "మీ ఫ్యాక్టరీలో బుద్ధిగా ఉండి, మా ఇంటికొస్తే అలుగుతాదా? దానికి కూడా పుట్టిల్లు, అత్తిల్లు ఉండాయా?" అన్నాడు.

వీధిలో మాట పాకింది. ఇంకో రెండు ఇండ్లలో కూడా అదే రోగం. నేను పోయినప్పుడు ఒక పెద్దామె అరుగు మీద నుంచి పిలిచి, "ఏమ్మా, మీ కంపెనీ బ్రేకరు అన్నం తిన్నాక కునుకు తీస్తాదంట గదా" అనింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినారు. నేనూ నవ్వినాను. కానీ బస్సులో కూర్చున్నాక కండ్లలో నీళ్ళు తిరిగినాయి. నేను పుట్టిన వీధి అది. అక్కడ నా మాట చెల్లకపోతే ఇంకెక్కడ చెల్లేటట్టు?

సార్ నా ముఖం చూసి, "పోయి చూస్తామా?" అన్నాడు. పొద్దున ఇద్దరం పోయినాము. ఆయన టాంగ్ టెస్టరు పెట్టి కొలిచినాడు. కరెంటు బ్రేకరు మీద రాసిన దానికి దగ్గరగానే ఉంది, దాటలేదు. మగ్గం మోటారు మొదలయ్యేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ముల్లు ఎగిరి పడింది. "ఇదేనేమో" అన్నాడు సార్. మోటారు కదిలేటప్పుడు గుంజుకునే కరెంటుకు తొందర మనిషి బెదిరిపోతున్నాడేమో అని ఆయన లెక్క. దానికి తగ్గ వేరే రకం బ్రేకర్లు ఉంటాయి, మోటారు ఎగిరిపాటును ఓర్చుకునేవి. అవి తెచ్చి బిగించినాము.

ఆ వారమంతా ఒక్క బ్రేకరు పడలేదు. మామ ఫోను చేసి, "మీ సారు గట్టోడే" అన్నాడు. ఆ రోజు గదిలో మక్కన్ పేడాలు పంచినారు. నేను రెండు తిన్నాను.

ఆ వారమంతా మబ్బు పట్టి ఉండిందని మాకు ఎవరికీ తోచలేదు. మబ్బు విడిచి ఎండ కాసిన మొదటి మధ్యాహ్నమే మళ్ళా పడింది. నిదానస్తుడు ఏ రకం బ్రేకరులోనైనా ఒకడే. తొందర మనిషిని మార్చి రోగం కుదిరిందనుకున్నాము. మేమిద్దరమూ చేసిన తప్పు అది. తర్వాత ఎన్నో ఏండ్లు ఎవరైనా తొందరపడి సంబరం చేస్తుంటే మా గదిలో "పేడాలు అప్పుడే వద్దు" అనేవాళ్ళం.

ఆ తర్వాత మామ ఫోను చేయడం మానేసినాడు. ఒక వారం పోయింది, ఇంకో వారం పోయింది. ఎండ మండిపోతూనే ఉంది. ఫోను లేదు. బాగైపోయిందేమో అనుకొని మనసును ఊరడించుకున్నాను.

ఒక ఆదివారం మా అత్త ఏదో పని మీద వేలూరు వచ్చి, సత్తువాచారిలో మా ఇంటికి వచ్చింది. మజ్జిగ ఇచ్చి, "బ్రేకర్లు ఎట్లుండాయి అత్తా?" అన్నాను.

"ఇప్పుడు పడడమే లేదు" అనింది చల్లగా. "మీ మామ దారి కనిపెట్టినాడు."

"ఏం దారి?"

"పై స్క్రూ నుంచి కింద స్క్రూకి తీగ కట్టేసినాడు. కరెంటు అట్లనే పోతాది. బ్రేకరు దాని పాటికది ఉంటాది."

 అంటే కావలివాళ్ళిద్దరినీ వాకిట్లో కూర్చోబెట్టి, వెనకాల గోడకు కన్నం పెట్టినట్టు. ఇంక లోపల ఏం జరిగినా ఆపేది లేదు. ఆ బోర్డు కింద ఎప్పుడూ నూలు మూటలు పేర్చి ఉంటాయి. షెడ్డుకు ఉండేది ఒకే తలుపు, అది కూడా ఆ బోర్డు పక్కనే.

సారు ఇంటికి ఫోను చేసినాను. ఆయన చర్చి నుంచి అప్పుడే వచ్చినాడంట. నేను చెప్పింది విని, "బస్టాండులో ఉంటాను" అన్నాడు, అంతే. అత్తను వెంటబెట్టుకొని పోయినాను. బస్సులో అత్త రెండుసార్లు, "నేను చెప్పినట్టు చెప్పొద్దు పాపా" అనింది. మిట్టమధ్యాహ్నం గుడియాత్తంలో దిగినాము. ఎండకు రోడ్డు నీళ్ళు పరిచినట్టు మెరుస్తోంది.

షెడ్డులో అన్ని మగ్గాలూ తిరుగుతున్నాయి. మామ ఒక మగ్గం దగ్గర తెగిన పోగు ముడివేస్తున్నాడు. మమ్మల్ని చూడలేదు. బోర్డు పెట్టె మూత సందులోంచి కాలిన వాసన సన్నగా వస్తోంది. నేను ఎవరినీ అడగలేదు. నేరుగా పోయి మెయిన్ ఆపేసినాను.

మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయినాయి. అంత మోత తర్వాత ఆ నిశ్శబ్దం చెవులను పొడిచింది.

"ఎవరు ఆపింది?" అన్నాడు మామ.

"నేనే మామా."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఆర్డరు ఉండాది పాపా. లుంగీలు పోవాల. నెల దినాలుగా నీ బ్రేకర్లతోనే సరిపోయింది. ఇప్పుడు నువ్వే వచ్చి ఆపుతావా? నా మగ్గం ఆపేదానికి నువ్వెవరు?"

"నువ్వు ఎత్తుకొని పెంచినదాన్ని. ఇట్ల వచ్చి చూడు."

సార్ టెస్టరు పెట్టి కరెంటు లేదని రూఢి చేసుకొని పెట్టె మూత తెరిచినాడు. మామ కట్టిన తీగ మెలి స్క్రూ దగ్గర వదులుగా ఉంది. వదులైన చోట కరెంటు కష్టపడి పారుతుంది, కష్టపడే చోట వేడి పుడుతుంది. తీగ మీది తొడుగు మెత్తబడి, నల్లబడి, చుట్టూ పేరుకున్న నూలు పీచుకు అతుక్కొని ఉంది. పీచు అంచు గోధుమరంగుకు తిరిగి ఉంది.  మామ వేలు పెట్టి తీగను తాకినాడు. తొడుగు ఊడి వేలికి అంటుకొని వచ్చింది.

ఆయన కిందికి చూసినాడు. నూలు మూటలు. పక్కకు చూసినాడు. తలుపు. తర్వాత మగ్గాల దగ్గర నిలబడి ఉన్న పనివాళ్ళను చూసినాడు. మెల్లగా ఒక మూట మీద కూర్చున్నాడు.

అత్త ఆయన దగ్గరికి పోయి చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగి, "నువ్వే చెప్పినావా?" అన్నాడు.

"నేనే" అనింది అత్త. బస్సులో వద్దన్న మనిషి అంత నిబ్బరంగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు.

"మంచి పని చేసినావు" అన్నాడు మామ. ఆ ఇంట్లో ఆ మాట నేను విన్నది అదే మొదటిసారి.

ఆ తీగ పీకేస్తూ నేను ఆనుకోవడానికని పెట్టె పక్కన గోడ మీద అరచెయ్యి పెట్టినాను. వెంటనే వెనక్కి తీసుకున్నాను. అన్నం గిన్నె తాకినట్టు ఉంది. "సార్, ఇట్ల చెయ్యి పెట్టి చూడండి" అన్నాను. సార్ గోడ మీద పెట్టినాడు, రేకు పెట్టె మీద పెట్టినాడు. బయటికి పోయి, గోడకు అవతల పక్క నిలబడి, చెమటతో తిరిగి వచ్చినాడు. అది పడమటి గోడ. పైన సిమెంటు రేకు. పొద్దు తిరిగినప్పటి నుంచి ఎండంతా దాని మీదే.

"ఏమ్మా, మన గదికి ఏసీ ఎందుకు పెట్టినారు?" అన్నాడు.

నాకు అప్పుడు వెలిగింది. పరీక్ష గదిలో వేడి ఎప్పుడూ ఒకే రీతిగా ఉండాల. ఎండాకాలమైనా, చలికాలమైనా అదే వేడిలో పరీక్షించి ఎర్రచుక్క పెడతాము. ఇక్కడ అదే బ్రేకరు మూసిన రేకుపెట్టెలో, కాలే గోడకు ఆనుకొని, సందు లేకుండా ఒకదాని పక్కన ఒకటి కూర్చొని ఉంది. పక్కవాడి వేడి కూడా దీని మీదే. పట్టీకి వేడి తెలుసు గానీ, ఆ వేడి యాడనుంచి వచ్చిందో తెలియదు. సగం వంగుడు ఎండే వంచేస్తే, మిగిలిన సగానికి మామూలు కరెంటు చాలు. మేము వచ్చిన ప్రతిసారీ పొద్దున్నే వచ్చినాము. పొద్దున ఆ గోడ చల్లగా ఉంటుంది.

మామకు చెప్పినాము. ఆయన గోడ వైపు తిరిగి, "అంటే బ్రేకరు మంచిదే, గోడ చెడ్డదా?" అన్నాడు.

"గోడా మంచిదే మామా. రెండిటికీ పొత్తు కుదరలేదు" అన్నాను.

"పెండ్లిచూపులు పొద్దున చూస్తిమి, అందుకే తెలీలేదు" అన్నాడు సార్. ఆయన హాస్యమాడడం అదే మొదటిసారేమో, అందరం ఆయన వైపు తిరిగి చూసినాము. మామ నవ్వేసినాడు.

అన్నం తినకుండా అత్త మమ్మల్ని పంపలేదు. ఆర్డరు సంగతి మాట్లాడుకున్నాము. బోర్డు మారేదాకా ఎండ పొద్దులో సగం మగ్గాలే తిప్పాల, మిగతావి తెల్లవారుజాము నుంచి పొద్దెక్కేదాకా. మామ గొణిగినాడు గానీ ఒప్పుకున్నాడు.

మరుసటి రోజు సార్ ఒక్కడే థర్మామీటరు తీసుకొని మధ్యాహ్నం బస్సుకు పోయి, పెట్టె లోపల వేడి ఎంతో కొలిచి తెచ్చినాడు. మా దగ్గర వేడి పెట్టె ఒకటి ఉండేది, పొయ్యి మాదిరి. దాంట్లో మామ ఇంటి బ్రేకర్లను పక్కపక్కన ఇరికించి పెట్టి, షెడ్డులో ఉన్నంత వేడి చేసి, షెడ్డులో పారినంత కరెంటే పంపినాము. ఇద్దరం కుర్చీలు వేసుకొని కూర్చున్నాము. కొంచెంసేపటికి టప్పుమంది. ఆ వెనకనే పక్కది. అవే బ్రేకర్లను చల్లార్చి, బయట బల్ల మీద సందులు వదిలి పెట్టి, అంతే కరెంటు పంపితే భోజనం గంట కొట్టేదాకా కదల్లేదు. నా ఉద్యోగంలో ఒక బ్రేకరు పడిపోతే నాకు సంతోషం కలిగింది ఆ ఒక్కసారే.

ఫ్యాక్టరీలో ఆ తర్వాత కొన్ని మారినాయి. ఎండ గోడకు బిగించొద్దు, సందు వదలండి, వేడి చోటైతే తక్కువ కరెంటు లెక్క వేసుకోండి అని బ్రేకరు అట్టపెట్టెలో పెట్టే కాగితం మీద తమిళంలో పెద్ద అక్షరాలతో వేసినారు. పనిలో చేరే ప్రతి ఒక్కరినీ సార్ ముందుగా ఆ వేడి పెట్టె దగ్గరికి తీసుకుపోయేవాడు. మా వీధిలో మిగతా ఇండ్లకు మామే తిరిగి, మధ్యాహ్నం పూట వాళ్ళ గోడల మీద అరచెయ్యి పెట్టి చూసి, "ఇది కాదు, అదిగో ఆ గోడ" అని తీర్పులు చెప్పినాడు. ఆ సంగతంతా తానే కనిపెట్టినట్టు చెప్పేవాడని తర్వాత తెలిసింది. చెప్పుకోనీ. జనం విన్నారు కదా.

వీటన్నిటికంటే ముందు మామ బోర్డును మార్చినాము. షెడ్డులో నీడ గోడ ఒకటే ఉండింది, వంటింటి పక్కది. దాని నిండా అత్త ఊరగాయ జాడీలు, అటకలు. మామ నసిగినాడు. అత్త మాత్రం, "జాడీలు యాడైనా ఉంటాయి, మగ్గాలు ఆగితేనే ఉండలేము" అని తానే ఒక్కొక్కటి దించింది. సార్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను తీసుకొచ్చినాడు. కొత్త పెట్టె పెద్దది. బ్రేకరుకూ బ్రేకరుకూ నడుమ సందు. ఒకే బ్రేకరు మీద ఉన్న మగ్గాలను రెండు బ్రేకర్లకు పంచినాము. కింద నూలు మూటలు పెట్టకుండా అత్త ఒక తొట్టి మొక్కను పెట్టింది. స్క్రూలన్నీ నేనే ఒకటికి రెండుసార్లు బిగించి చూసుకున్నాను.

కొత్త పెట్టె బిగించిన మధ్యాహ్నం ఎండ ఎట్లుండిందంటే, బయట కుక్క కూడా లేదు. అన్ని మగ్గాలూ ఒకేసారి తిప్పినాము. మామ స్టూలు వేసుకొని కొత్త పెట్టె ఎదురుగా కూర్చున్నాడు, దొంగను పట్టుకునేవాడి మాదిరి. సార్ టాంగ్ టెస్టరుతో కొలిచి తల ఊపినాడు. పొద్దు పడమటికి తిరిగింది. పాత గోడ మీద చెయ్యి పెట్టినాను, కాలుతోంది. కొత్త గోడ మీద పెట్టినాను, మామూలుగా ఉంది. ఇంతకుముందు పడే వేళ వచ్చింది. పోయింది.  మాట్లాడినా ఆ మోతలో వినపడదు.

అత్త పళ్ళెంలో అన్నం తెచ్చి మామ చేతికిచ్చింది. ఆయన పెట్టె వైపు చూస్తూనే తిన్నాడు. తిన్నాక స్టూలును గోడకు జరుపుకొని ఆనుకున్నాడు. కొంచెంసేపటికి తల పక్కకు వాలింది.

నేను లేపబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి, "లేపొద్దు. మోత ఉంటే మగ్గం వాళ్ళకు నిద్ర బాగా పడతాది. మోత ఆగితేనే మెలకువ వచ్చేది. ఎండాకాలం మొదలైన కాడ్నుంచి మీ మామ మధ్యాహ్నం పూట ఒక్కరోజు పడుకోలేదు" అనింది.

నేనూ సారూ సాయంత్రం బస్సుకు బయలుదేరేటప్పటికి పొద్దు కూకుతోంది. మామ ఇంకా నిద్రలేవలేదు.